జర్మన్ పోరడి అయిదో ప్లేటు

"తాతా, మీరు దీన్ని ఇన్నేండ్లూ తప్పుగానే విన్నరు" అని ఇరవై నాలుగేళ్ళ పిల్ల ఒకతె నా ఇంట్లో, నా కుర్చీలో కూర్చుని, నా కోడలు పెట్టిన చాయ్ తాగుతూ నాతో అంది. పేరు మానస. మా మనుమరాలి స్నేహితురాలు, హైదరాబాదులో ఫిడేలు నేర్చుకుంటోంది. మెట్‌పల్లిలో ఏదో పెళ్ళికి వచ్చి, అటక మీద గ్రామఫోను ఉందని మనుమరాలు చెప్పగా చూడటానికి వచ్చింది. గ్రామఫోను ఎప్పుడో పాడైంది. అట్టపెట్టెలో నాలుగు ప్లేట్లు మాత్రం పగలకుండా ఉన్నాయి. వాటి మీద మా బాపు, అంటే మా నాన్న, పెట్టిన సున్నపు చుక్కలను వేలితో తడిమి, వెలుతురుకు ఎత్తి పట్టి, ప్లేటు గీతల దగ్గర చెక్కిన అంకెలేవో చదివి, పది నిమిషాలు తన ఫోనులో వెతికి, నోటుబుక్కులో ఏదో రాసుకుని, అప్పుడు ఆ మాట అంది. ఏం కనిపెట్టిందో ముందే రాసేస్తాను. దాచిపెట్టి చివర్లో చెప్పే తెలివి నాకు లేదు, ఉన్నా ఈ వయసులో అంత ఓపిక లేదు.

ఆ ప్లేట్లు మా దగ్గరున్నటువంటి, చేత్తో తిప్పే గ్రామఫోను కోసం చేసినవి కావట. ప్లేట్లన్నీ దొంతరగా పేర్చి పెడితే ఒక్కొక్కటే దానంతటది కిందికి జారి మోగే పెద్ద యంత్రాలు ఆ రోజుల్లో ఇంగ్లండు సీమలో ఉండేవట. ఆ యంత్రంలో ముందు నాలుగింటి ముందు వైపులూ వరుసగా మోగుతాయి. తర్వాత దొంతరను మొత్తంగా తిరగేస్తే నాలుగో ప్లేటు వెనుక, మూడో దాని వెనుక, రెండో దాని వెనుక, ఆఖరుకు మొదటి ప్లేటు వెనుక మోగుతాయి. మేమేం చేశాం? బుద్ధి ఉన్న మనిషి ఎవడైనా చేసేదే చేశాం. మొదటి ప్లేటు ముందు విని దాన్నే తిరగేసి వెనుక విన్నాం. ఆ తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. అంటే సంగీతం మొదలు విన్న మరుక్షణం దాని ఆఖరు విన్నాం. నాలుగు ప్లేట్లూ అయిపోయేసరికి సరిగ్గా నడిమధ్యలో నిలబడ్డాం. అలా పద్దెనిమిదేళ్ళు నిలబడ్డాం.

సరే, అది నిజమే అనుకుందాం. కానీ "తప్పుగా విన్నరు" అన్న మాట గొంతు దిగలేదు. నేను నాలుగో తరగతి వరకు ఉర్దూ బడిలో చదివి, మిగిలిందంతా నా కిరసనాయిలు నేనే కాల్చుకుని చదువుకున్నవాణ్ణి. పెద్ద పెద్ద సంగీత సభల్లో ముందు వరుసలో కూర్చుని, తలకాయ ఊపుతూ కునికిపాట్లు పడే దొరలను చూసినవాణ్ణి. వాళ్ళు విన్నది ఒప్పు, సాలెవాడలో మేము విన్నది తప్పా? ఆ లెక్క తేలేదాకా నాకు అన్నం సహించలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పోలీసు చర్య అయిపోయిన కొత్తలో, నిర్మల్‌లో జంగ్లాత్ సాహెబు, అంటే అడవుల ఆఫీసరు, బంగళా ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఆయన బంగళాకు కిటికీ తెరలన్నీ మా బాపు గంగారాం నేసినవే. బేగం సాహెబాకు బాపు పనితనమంటే గౌరవం. వెళ్ళేటప్పుడు లారీలో చోటు చాలక, గ్రామఫోనునూ ఒక ప్లేట్ల పెట్టెనూ బాపుకు బహుమానంగా ఇచ్చింది. పాటలున్న ప్లేట్లన్నీ వాళ్ళే తీసుకుపోయి, ఎవరికీ అక్కరలేని పెట్టె మాకిచ్చారని తర్వాత తెలిసింది. ఆ సాహెబు కూడా మాలాగే వరుస తప్పి విని, విసిగిపోయి వదిలించుకున్నాడేమో. బాపు వాటిని ఎడ్లబండిలో వేసుకుని గోదారి దాటి వస్తుంటే వాన పట్టింది. ఇంటికి వచ్చేసరికి ప్లేట్ల నడిబొడ్డున అంటించిన పేరు కాగితాలన్నీ నాని ఊడిపోయాయి. పెట్టెలో ఏది ఏ అరలో ఉందో చూసి బాపు వాటి మీద సున్నంతో ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు, నాలుగు పెట్టాడు. మా అవ్వ, అంటే అమ్మ, వాటిని అరుగు మీద నూలు పక్కన ఆరబెట్టింది. గంజి వాసన, తడి అట్ట వాసన కలిసిన ఆ పెట్టె మూత తీస్తే, తర్వాత ఎన్నేళ్ళకైనా అదే వాసన వచ్చేది.

మూత లోపల అంటించిన కాగితం సగం బతికింది. అందులో నలుగురు మనుషులు కుర్చీల్లో కూర్చున్న బొమ్మ. ఇద్దరి భుజాల మీద ఫిడేళ్ళు, ఒకడి భుజం మీద కాస్త బొద్దు ఫిడేలు, ఒకడి మోకాళ్ళ మధ్య గాదె అంత పెద్ద ఫిడేలు. కింద ఇంగ్లీషు. నేను అప్పుడు పాత డిక్షనరీ ఒకటి సంపాదించి సొంతంగా ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను. నాలుగు రోజులు కుస్తీ పట్టి, ఇది నాలుగు తీగ వాద్యాల కోసం రాసిన సంగీతమనీ, రాసినవాడిది జర్మనీ దేశమనీ, రాసేనాటికి వాడికి పద్దెనిమిదేళ్ళనీ తేల్చాను. తేల్చి, ఇంట్లో చెప్పాను. నా జీవితంలో నేను చేసిన పెద్ద పొరపాటు అదే. ఎందుకంటే నాకూ అప్పుడు పద్దెనిమిదేళ్ళే.

"సూడుర, నీ ఈడోడే" అన్నాడు బాపు ఆ సాయంత్రమే, నేను నేసిన చీర అంచును వేలి మీద వేసుకుని. "గా జర్మన్ పోరడు నలుగురిని కూసోబెట్టి ఎంత పని చేపిచ్చిండు. నీకు ఒక్క అంచు సక్కగ రాకపాయె."

ఆ రోజు నుంచి నా మీద పడే ప్రతి తిట్టులోనూ జర్మన్ పోరడు ఉన్నాడు. నేను ఆలస్యంగా లేస్తే జర్మన్ పోరడు ఈపాటికి లేచి ఉండేవాడు. నేను పోగు తెంపితే జర్మన్ పోరడు తెంపేవాడు కాదు. పేరు కూడా తెలియని ఒక పరదేశి, అదీ ఎప్పుడో నూరేళ్ళ కింద పోయినవాడు, మా ఇంట్లో పెద్దకొడుకై కూర్చున్నాడు.

ఉక్కు సూదులు వారం రోజుల్లో అరిగిపోయాయి. కొత్తవి మెట్‌పల్లిలో ఎక్కడ దొరుకుతాయి? బాపు తుమ్మ ముల్లు విరిచి, రాతి మీద నూరి, సూది చోట బిగించాడు. ముల్లుతో సప్పుడు చిన్నగా, కాస్త నూలు చుట్టినట్టు మెత్తగా వచ్చేది. ఒక్కో వైపుకు ఒక్కో ముల్లు. మధ్యాహ్నం తిండ్లు అయ్యాక, మగ్గాలు మళ్ళీ మొదలయ్యేలోపు, వాడకట్టు వాళ్ళు మా అరుగు మీదికి చేరేవాళ్ళు. ఒక వైపు నాలుగు నిమిషాలు మోగుతుంది. తర్వాత ముల్లు మార్చడం, ప్లేటు తిప్పడం, తాళం తిప్పడం, ఈలోపు మాట్లాడుకోవడం. మా సంగీత విద్య అంతా ఆ సందుల్లోనే జరిగింది.

మొదటి విమర్శకురాలు మా అవ్వ. రాట్నం తిప్పుతూ వినేది. ఆమె లెక్కలో ఆ నలుగురూ ఒక కుటుంబం. పైన సన్నగా పలికే ఫిడేలు కోడలు, దానికి ఎదురు చెప్పేది ఆడబిడ్డ, బొద్దు ఫిడేలు అత్త, కిందినుంచి మూలిగే పెద్ద ఫిడేలు మామ. మూడో ప్లేటు వెనుక వైపున ఒక ఫిడేలు ఒంటరిగా గొంతెత్తుకుని మొత్తుకుంటుంది, మిగతా మూడూ గజగజ వణుకుతాయి. అది రాగానే అవ్వ రాట్నం ఆపి, "అగో, కోడలు ఎదురు తిరిగింది. ముసలోడు గప్పుడన్న నోరు తెరుస్తడా అంటే తెర్వడు, ఊఁ ఊఁ అంటడు" అని బాపు వైపు చూసేది. తర్వాత నేను చదివిన ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ నాలుగు వాద్యాల సంభాషణ గురించి ఇంత సూటిగా చెప్పినవాడు కనబడలేదు.

రెండో విమర్శకుడు హార్మోనియం రాజయ్య మామ. బాపుకు వరసకు బావ. భజన మండలికి పెద్ద. ఆయన హార్మోనియం ముట్టందే మా వాడకట్టులో దేవుడు కూడా నిద్ర లేచేవాడు కాదు. తన అనుమతి లేకుండా ఊళ్ళోకి సంగీతం వచ్చిందని ఆయనకు మంట. తొలిరోజు వచ్చి, కూర్చోకుండా నిలబడే వినసాగాడు.

"గిదేం పాటయ్యా బామ్మర్దీ? తబలా లేదు, మాట లేదు, దేవుని పేరు లేదు. బండి ఇరుసుకు నూనె ఎయ్యనట్టున్నది. నాలుగు మగ్గాలు నడిచే ఇంట్ల గీ ఏడుపేంది? బయట పారెయ్యి."

"ఒక్క ప్లేటు విను బావా. నచ్చకుంటె నేనే తీస్కపోయి గోదాట్ల ఏస్త" అన్నాడు బాపు. అన్నాక ఆయన ముఖం చూశాను. నిజంగానే వేస్తాడు, మాట తప్పే మనిషి కాదు. తిట్లు తినిపించిన జర్మన్ పోరడంటే ఎంత కోపమున్నా, అప్పటికే ఆ మొదటి ప్లేటు లేకుండా నాకు మధ్యాహ్నం గడిచేది కాదు.

మొదటి ప్లేటు ముందు వైపు ఇలా ఉంటుంది. నలుగురూ నెమ్మదిగా, మంచి ఇంటికి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళలా కూర్చుంటారు. ఓ చిన్న స్వరం, మూడే మెట్లు, ఎవరినో ఏదో అడిగినట్టుగా పైకి లేచి ఆగుతుంది. జవాబు రాదు. మళ్ళీ అడుగుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా జగడం మొదలవుతుంది. రాజయ్య మామ మొహం చిట్లించుకుని విన్నాడు. బాపు ప్లేటు తిరగేశాడు. వెనుక వైపు జగడం కొసరు కాస్త నడిచి, అలసిపోయి, ఆగి, అప్పుడు మొదట విన్న ఆ నెమ్మది స్వరమే మళ్ళీ వచ్చింది. అదే అడగడం. కానీ ఈసారి జవాబు దొరికినట్టుగా మెల్లగా సద్దుమణిగింది. రాజయ్య మామ చటుక్కున కూర్చున్నాడు.

"పల్లవి!" అన్నాడు. "ఓ బామ్మర్దీ, పల్లవి మళ్ళ అందుకున్నరు! పల్లవికి తిరిగొచ్చినోడు సంగీతం వచ్చినోడే."

సరైన వరుసలో విని ఉంటే ఆ పల్లవి రావడానికి అరగంట పట్టేది. రాజయ్య మామ పది నిమిషాలకంటే ఎక్కువ నిలబడే మనిషి కాదు. జర్మన్ పోరడు గోదాట్లో కలిసేవాడు. దీన్నా తప్పు అంటారు?

ఇక అసలు సంగతి. రాజయ్య మామ ఒప్పుకున్నాడు గానీ బాపుకు స్థిమితం పోయింది. నాలుగో ప్లేటు వెనుక వైపున ఒక ముద్దొచ్చే స్వరం ఉంది. మూడు ఫిడేళ్ళు తీగలను వేళ్ళతో టప్ టప్‌మని మీటుతుంటే, ఒకటి వాటి మీద చిన్నపిల్ల గజ్జెలతో వాకిట్లో తిరిగినట్టు తిరుగుతుంది. తిరుగుతూ తిరుగుతూ ఉండగానే ప్లేటు అయిపోతుంది. ప్రతిరోజూ అక్కడికి వచ్చేసరికి బాపు చెయ్యి ఎత్తి, ఇంకా ఏదో వస్తుందన్నట్టు గాలిలోనే ఉంచి, కాసేపటికి దించేవాడు.

"అయిపోలే" అనేవాడు. "గిది కొంగు రాని చీర. నడుమల తెంపిండ్లు. ఇంకో ప్లేటు ఉండాలె."

"మొదటి ప్లేటుల పల్లవొచ్చి ముగిసింది గద" అన్నాడు రాజయ్య మామ.

"అది మచ్చు బావా." బాపు ఇది ఎంత నమ్మకంగా చెప్పాడంటే మేమంతా నమ్మేశాం. మా వృత్తిలో పెద్ద చీర ఒప్పుకునే ముందు మూరెడు మచ్చు నేసి చూపిస్తాం. అందులో మొదలూ ఉంటుంది, అంచూ ఉంటుంది, కొంగు ఎలా వస్తుందో అదీ ఉంటుంది. అంతా పొట్టిగా. నచ్చితే అసలు చీర. "జర్మన్ పోరడు మొదటి ప్లేటుల మచ్చు సూపిచ్చిండు. అసలు చీర రెండో ప్లేటు కాణ్నుంచి. మచ్చుల కొంగున్నది గాబట్టి చీరకు గూడ కొంగుంటది. అది అయిదో ప్లేటుల ఉన్నది. బేగం సాహెబా పెట్టె సర్దుకుంట మర్చిపోయింది."

ఆ అయిదో ప్లేటు మా బాపును పట్టుకుంది. తెగిన చీరను ఇంట్లో ఉంచుకున్న సాలె ఎలా ఉంటాడో అలా అయిపోయాడు. మగ్గం మీద అటూ ఇటూ పోగు మోసే నాడె ఆడుతూ ఆడుతూ ఆగేది. చూస్తే, తల వంచి ఏదో వింటుండేవాడు. నన్ను వెంటబెట్టుకుని, నాలుగు ప్లేట్లూ పట్టుచీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, బస్సులో హైదరాబాదు పోయాడు. అక్కడ దుకాణపాయన లేబుళ్ళు లేని ప్లేట్లను తిప్పి చూసి, నాలుగోదాన్ని అర నిమిషం మోగించి, "నాలుగే ఉంటయ్, అయిదోది ఈ సెట్టుకు ఉండదు" అని తేల్చేశాడు. బాపు బయటికి వచ్చి, "అర నిమిషం ఇని ఆరు గజాల చీర సంగతి చెప్తడా" అని ఆయనకు ఒక నమస్కారం, ఎవరూ చూడకుండా ఒక తిట్టు పెట్టి బస్సెక్కాడు. తర్వాత నా చేత బొంబాయికి, ప్లేట్లు అమ్మే ఒక పెద్ద దుకాణానికి ఇంగ్లీషులో ఉత్తరం రాయించాడు. జవాబు లేదు. మళ్ళీ రాయించాడు. ఏడాది గడిచింది. పొద్దున్నే తంతితపాలా మనిషి సైకిలు గంట వినబడగానే మగ్గం గుంటలోంచి లేచి నిలబడేవాడు.

ఒకరోజు అవ్వ నన్ను పెరట్లోకి పిలిచింది. "నీ బాపు పరేషాన్ అయితుండు. బువ్వ సక్కగ తింటలేడు. నువ్వు ఇంగ్లీషు నేర్సుకున్నవ్ గద. ఏదో ఒక జవాబు తెప్పియ్యిరా."

తెప్పించాను. అంటే నేనే రాశాను. డిక్షనరీ ముందు పెట్టుకుని, బొంబాయి వాళ్ళు రాసినట్టుగా, "ఈ సంగీతం నాలుగు ప్లేట్లతో సంపూర్ణం, మీ ఆసక్తికి కృతజ్ఞతలు" అని వంకర ఇంగ్లీషులో రాసి, పాత కవరు ఒకటి తడిపి అంటించి, పక్కూరు ముత్యంపేట నుంచి వచ్చే మనిషితో అక్కడి పోస్టు డబ్బాలో వేయించాను. బాపు ఆ ఉత్తరాన్ని అరుగు మీద అందరి ముందూ నా చేత చదివించాడు. తెలుగులో చెప్పించాడు. మళ్ళీ చదివించాడు.

"సంపూర్ణం అన్నడా?"

"అన్నడు బాపు."

బాపు ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, "గా బొంబాయి దుకాణపాయన సాలెల పుట్టలే గద. గాయనకేమెరుక పాపం" అన్నాడు. కోపం లేదు. జాలిపడ్డాడు. ఉత్తరం మడిచి ప్లేట్ల పెట్టెలో పెట్టాడు. ఆ తర్వాత, మళ్ళీ ఎన్నడూ అయిదో ప్లేటు కోసం వెతకలేదు. దానికి బదులు రాజయ్య మామ ఇంటికి పోయాడు.

"బావా, కొంగు మనమే నెయ్యాలె. మచ్చు ఉన్నది గద, దాన్ని సూసి నువ్వు హార్మోనియం మీద వాయించు."

"మచ్చు ప్లేటే మళ్ళ పెడ్తె అయిపోతది గదనయ్యా" అన్నాడు రాజయ్య మామ.

"మచ్చు తునక తెచ్చి చీరకు కుడ్తమా? కొంగు కొత్తగ నెయ్యాలె." రాజయ్య మామ హార్మోనియం ముందుకు లాక్కున్నాడు. నిజం చెప్పాలంటే, జర్మన్ పోరడి పక్కన కూర్చునే అవకాశం ఆయనకు తీపిగానే ఉంది. నెల రోజులు మొదటి ప్లేటు వెనుక వైపు విని విని, ఆ నెమ్మది స్వరాన్ని హార్మోనియం మెట్ల మీదికి దించుకున్నాడు. ఒకటి రెండు చోట్ల భజన గమకం కలిపాడు. బాపు ఒప్పుకోకపోతే తీసేశాడు. ఆ తర్వాత మా అరుగు మీద నాలుగో ప్లేటు నడుమ తెగిపోగానే, గజ్జెల పిల్ల మాయమవగానే, రాజయ్య మామ తిత్తి నొక్కి ఆ స్వరం అందుకునేవాడు. అదే అడగడం, అదే సద్దుమణగడం. అది విన్నాకే బాపు చెయ్యి దించి, లేచి, మగ్గంలోకి దిగేవాడు. నాకు పెళ్ళై, పిల్లలు పుట్టి, గ్రామఫోను స్ప్రింగు తెగేదాకా అది అలాగే జరిగింది. బాపు పోయేనాటికి కూడా ఉత్తరం సంగతి నేను చెప్పలేదు. ఎన్నిసార్లో చెప్పబోయాను. ఆయన ఆ బొంబాయి దుకాణపాయన మీద పడ్డ జాలి గుర్తొచ్చి మానుకునేవాణ్ణి.

ఇప్పుడు మా వాడకట్టులో చేతిమగ్గం లేదు. గుంటలన్నీ పూడ్చి పైన టైల్స్ వేశారు. పక్క వీధిలో పవర్‌లూములు రాత్రింబవళ్ళు టకటకమంటాయి. వాటి మధ్య నిలబడి మనిషి పక్క మనిషితో మాట్లాడలేడు, సంగీతం మాట దేవుడెరుగు. మా మనుమడు దుబాయి నుంచి ఫోను చేస్తే చెవుల్లో రెండు గింజలు పెట్టుకునే మాట్లాడతాడు. లోకంలోని సంగీతమంతా ఆ గింజల్లో ఉందంటాడు. ఉండొచ్చు. పన్నెండు మంది ఒక అరుగు మీద ఒకే ముల్లు సప్పుడు విని, ఆ తర్వాత దాని గురించి కొట్లాడుకోవడం ఆ గింజల్లో ఉందా అని అడిగితే నవ్వుతాడు.

మానస తన ఫోనులో ఆ సంగీతాన్ని సరైన వరుసలో పెట్టింది. ముల్లు మార్చే సందులు లేకుండా, ఏకబిగిన. మధ్యలో దానికి రెండుసార్లు ఫోను వచ్చింది, రెండుసార్లూ నేను కసిరాను. మొదటి స్వరం అడిగి ఆగింది. జగడం వచ్చింది. నాకు తెలిసిన ముక్కలన్నీ తెలియని చోట్ల ఎదురయ్యాయి, పెళ్ళిలో ఎన్నడూ కలవని చుట్టాలు పక్కపక్కన కూర్చున్నట్టు. గజ్జెల పిల్ల నడిమధ్యలో వచ్చింది, ఈసారి తెగిపోకుండా తన ఆట పూర్తిచేసుకుని పోయింది. కోడలు ఎదురు తిరిగింది. ఉరుకులు, పరుగులు. ఆ తర్వాత అంతా ఆగి, ఒక్క ఫిడేలు ఒంటరిగా దారి వెతుక్కుని, అప్పుడు ఆ నెమ్మది స్వరం వచ్చింది. సరిగ్గా ఆఖర్న. రాజయ్య మామ తిత్తి నొక్కే చోటే. మా బాపు పెట్టిన చోటే.

కళ్ళు తుడుచుకోవడానికి నేను కండువా వెతుక్కుంటుంటే ఆ పిల్ల కంగారుపడింది. "ఏమైంది తాతా?"

"ఏం కాలే. నీ నోటుబుక్కు తియ్యి. గందుల ఏమని రాసినవ్?"

మెట్‌పల్లిలో ఒక నేత కుటుంబం ఈ రికార్డులను చాలా ఏళ్ళు తప్పు వరుసలో విన్నదని రాసుకుంది. ఆ వాక్యం కొట్టెయ్యమన్నాను. నిజమే కదా అంది. నిజమే గానీ సగమే అన్నాను. మచ్చు సంగతి, హార్మోనియం సంగతి అంతా చెప్పాను. ఉత్తరం సంగతి కూడా చెప్పాను, ఇన్నేళ్ళలో మొదటిసారి. పిల్ల ఆ వాక్యం కొట్టేసింది.

"మరి ఏమని రాయాలె తాతా?"

"జర్మన్ పోరడు తన చీరకు కొంగు ఏడ పెట్టిండో సాలె గంగారాం చెప్పిండని రాయి. ఇంక కొంగు లేదని దొంగ ఉత్తరం రాసినోడు ఆయన కొడుకేనని కిందనే రాయి."